పంది పిల్లల పుట్టుక బరువు

పంది పిల్ల పుట్టగానే, పాలు తాగకముందు తూగే బరువే పుట్టుక బరువు. సీమ జాతి లార్జ్ వైట్ యార్క్‌షైర్ పిల్ల సాధారణంగా 1.2 నుంచి 1.5 కిలోలు, నాటు పిల్ల అంతకంటే బాగా తక్కువ తూగుతుంది. సీమ జాతుల్లో కిలోకు తగ్గితే బలహీనమైన పిల్ల కిందే లెక్క. పిల్ల బతకడం, ఎదగడం, చివరికి మాంసం నాణ్యత ఈ తూకంతో ముడిపడి ఉంటాయి.

కారణం

పంది చూడి కాలం సుమారు 114 రోజులు. పిల్లలో కండ పోగులు రెండు విడతలుగా ఏర్పడి, 90వ రోజు ప్రాంతానికి వాటి సంఖ్య దాదాపు ఖాయమవుతుంది. పుట్టాక అవి లావెక్కుతాయే తప్ప సంఖ్యలో పెద్దగా పెరగవు. ఒకే ఈతలో పిల్లలు ఎక్కువైతే కొన్నింటికి మాయ నుంచి పోషణ చాలదు. వాటి బరువూ, పోగులూ తగ్గుతాయి.

ఎదుగుదల, మాంసం

పాలు ఎక్కువుండే ముందు చన్నులను బలమైన పిల్లలు ఆక్రమిస్తాయి. రెండు మూడు రోజుల్లో ఏ చన్ను ఎవరిదో స్థిరపడుతుంది. తేలిక పిల్ల వెనుకబడి, అమ్మకం బరువుకు రావడానికి ఎక్కువ రోజులు తీసుకుంటుంది. ఉన్న కొద్ది పోగులే మరీ లావెక్కడంతో కొవ్వు పెరగడం, మాంసం గట్టిపడటం, నీరు కారడం జర్మనీలోని డుమ్మర్‌స్టార్ఫ్ సహా పలుచోట్ల పరిశోధనల్లో కనిపించాయి. జాతిని, దాణాను బట్టి ఈ తేడా మారుతుంది.

తెలుగు నేలపై

తెలుగునాట పందుల పెంపకం తరతరాలుగా ఎరుకల కుటుంబాల జీవనాధారం. తిరుపతిలోని పరిశోధన కేంద్రం యార్క్‌షైర్‌ను నాటు పందితో కలిపి టి-17 రకాన్ని రూపొందించింది. మాంసం నాణ్యతపై పరిశోధనకు హైదరాబాద్ శివారు చెంగిచెర్లలో జాతీయ సంస్థ ఉంది.

సంరక్షణ

అప్పుడే పుట్టిన పిల్లకు 32 నుంచి 34 డిగ్రీల వెచ్చదనం కావాలి. షాద్‌నగర్ వంటి మెట్ట ప్రాంతాల్లో డిసెంబరు రాత్రి ఈనితే, వణికే చిన్న పిల్లను గోనెతో తుడిచి, వరిగడ్డి పరిచి బల్బు కింద ఉంచాలి. పంది మాయ గుండా రోగనిరోధక శక్తి పిల్లకు అందదు కాబట్టి తొలి గంటల్లోనే ముర్రుపాలు పట్టాలి. మూడో రోజున ఐరన్ ఇంజెక్షన్ ఇప్పించాలి.

అసలు జాగ్రత్త అంతకుముందే మొదలవ్వాలి. పోగుల లెక్క తేలేది కడుపులోనే. హోటళ్ల మిగులు తిండి ఒక్కటే చూడి పందికి చాలదు. మాంసకృత్తులు, ఖనిజ లవణాలున్న దాణా దానికి అందితేనే పుట్టబోయే పిల్లకు అందినట్టు.