యథార్థశబ్దము - ఆదవాని సీమ

తెలుఁగున అసత్యమునకుఁ బేళ్లు పెక్కులు గలవు. కల్ల, బొంకు, దబ్బర, హుళక్కి: ఇవి యన్నియు నోటినుండి వెలువడు మాటకుఁ జెందినవి. భ్రమ యట్టిది కాదు. భ్రమించినవాఁడు బొంకరి కాఁడు; తాను నమ్మినదానినే పలుకుచున్నాఁడు. ఈ భ్రమకుఁ బ్రతిగా నిలువఁదగిన పదమేది?

ఈ ప్రశ్నను శాస్త్రమర్యాదతో విచారించినవారిలో నొకరు ఆదవాని సీమయందే బృందావనస్థులైరి. వారు రాఘవేంద్రతీర్థులు. తుంగభద్రాతీరమున మంచాలలో, అనఁగా నేఁటి మంత్రాలయమున, 1671లో వారు బృందావనప్రవేశము చేసిరి. బిజాపురప్రభువులకు లోఁబడి ఆదవాని నేలిన సిద్ది మసూద్‌ఖాను ఆ గ్రామము నొసఁగెనని సంప్రదాయము. లోకము వారిని మహిమలకై తలఁచును గాని, వారి శ్రమలోఁ బెద్దపాలు వ్యాఖ్యానరచనకే చెల్లినది. జయతీర్థుల ప్రమాణపద్ధతికిని వారి వ్యాఖ్య గలదు.

ఆ మతమున వస్తువు ఎట్లున్నదో యట్లే గ్రహించునది యథార్థము, అదియే ప్రమాణము. యథార్థజ్ఞానము కేవలప్రమాణము, దానికి సాధనములగు ప్రత్యక్షానుమానాగమములు అనుప్రమాణములు. నైయాయికులు స్మృతిని ప్రమలోఁ జేర్పరు, మాధ్వులు చేర్చిరి. ఇది స్వల్పవిషయము కాదు. నిన్నఁ జూచినదానిని నేఁడు చెప్పు సాక్షి మాట స్మృతిపైననే గదా నిలుచును! ఇంచుమించుగా నా శతాబ్దిముననే వేదాంతపరిభాషను రచించిన ధర్మరాజాధ్వరీంద్రుఁడు ప్రమకు అబాధితత్వమును లక్షణముగాఁ జెప్పెను: పిదపఁ గలుగు జ్ఞానముచేఁ గొట్టివేయఁబడనిది ప్రమ. అద్వైతికి జగజ్జ్ఞానమంతయుఁ దుదకు బాధితమే. మాధ్వునకుఁ ద్రాడు సత్యము. అందుఁ దోఁచిన పాము మాత్రమే అసత్తు.

పాఠశాలలోని యీ పదములలో ఏవి వీథికి వచ్చినవి? చిప్పగిరిలో 1755లో గతించిన విజయదాసాది హరిదాసులు మాధ్వమతమును కన్నడపుఁ బాటలతో జనులకందించిరి. అయినను ప్రమశబ్దము జనుల నోటికెక్కలేదు. యథార్థము వచ్చినది గాని మాఱి వచ్చినది. ‘యథార్థవాది లోకవిరోధి’ యను సామెతలో నది జ్ఞానధర్మము కాదు, దాఁపఱికములేని నాలుకధర్మము. నిజమునకు సంస్కృతమున ‘తనదైనది’ యని యర్థము. తెలుఁగు కన్నడములు రెంటను అది సత్యమైనది. ‘నిజము నిలుకడమీఁదఁ దేలును’ అనునప్పుడు సామాన్యుఁడు మాధ్వునికంటె అద్వైతి చెప్పిన అబాధితమునకే చేరువగా నున్నాఁడు. మంత్రాలయపు టిరుగుపొరుగుల నీమాట వినుట వినోదమే.

ఆదవాని, ఎమ్మిగనూరు ప్రాంతములు 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడువఱకు బళ్లారి జిల్లాలోనివి. తెలుఁగు కన్నడము లిచ్చట నిరుగుపొరుగులు. కాని తెలుఁగువానికి దిటము ధైర్యము, గట్టిదనము; కన్నడిగునకు దిట సత్యము. తెలుఁగువానికిఁ గల్ల అసత్యము. కన్నడిగునకుఁ గళ్ల దొంగ. ఒక భాషలో మాట చేసిన నేరమును వేఱొక భాషలో మనుష్యుఁడు చేయుచున్నాఁడు.

భ్రమకుఁ బ్రతిగా వాడుకలో నిలిచినది సత్యవాచకము కాదు, తెలివి. తెలి యనఁగాఁ దెలుపు, స్వచ్ఛత. బురదనీరు తేఱినట్లు మూర్ఛ తేఱినవానికిఁ ‘దెలివి వచ్చిన’ దందురు. అది సంస్కృతపుఁ బ్రమకు సరిపోఁదగిన దేశిపదము. అయితే ‘తెలివితేటలు’ అను జంటలోఁ జేరి యదియు నేఁడు చాతుర్యమునకు జాఱినది. అట్టి తెలివిగలవాఁడు బొంకుటయందును నేర్పరి కావచ్చును.