మాఘమాసం – పూతరేకుల పొయ్యి



సంక్రాంతి వెళ్ళిపోయి, కొత్త అల్లుళ్ళు తిరుగు ప్రయాణమయ్యాక మన గోదావరి పల్లెల్లో ఒక తీరిక వస్తుంది. అదే మాఘమాసం. శిశిర ఋతువు వచ్చినా చలి ఓ పట్టాన వదలదు. తెల్లవారుజామున కాలవ మీద మంచు దిగితే, పొద్దెక్కితే గాని కొబ్బరిచెట్ల తలలు కనబడవు. సార్వా ధాన్యం ఇల్లు చేరి వుంటుంది. చేలల్లో దాళ్వా నాట్లు వేళ్ళు తన్నుకుని పచ్చబడుతూ వుంటాయి. ఆడవాళ్ళకు మాఘాదివారాల నోములు, రథసప్తమి నాడు పిడకల దాలి మీద పొంగించిన పాలు, చిక్కుడాకులో పరమాన్నం, భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థం. శివరాత్రికి చలి "శివశివా" అంటూ వెళ్ళిపోయేదాకా ఇదే సందడి.

ఈ రోజుల్లో ధవళేశ్వరం బారేజీ దాటి, బొబ్బర్లంక మీదుగా ఆత్రేయపురం వెళ్ళారనుకోండి, మరో వేడుక కనబడుతుంది. పెరటి పాకల్లో, వసారాల చివర కుండ బోర్లించిన పొయ్యిలు, వాటి ముందు పీట వేసుకుని కూచున్న ఆడవాళ్ళు. అవే పూతరేకుల పొయ్యిలు. వాటి చరిత్ర గురించి ఈ పూట నాలుగు మాటలు చెప్పుకుందాం. చరిత్ర అంటే రాజులూ యుద్ధాలే కదా, మిఠాయికి చరిత్ర ఏమిటని నవ్వకండి. పొయ్యి దగ్గర పుట్టిన సంగతులు శాసనాల్లో ఎక్కవు. అందుకే మనమే చెప్పుకోవాలి.

పేరులోనే పని అంతా వుంది. పూత అంటే పైన పూసేది, రేకు అంటే పల్చటి పొర. బియ్యం నానబోసి, మెత్తగా రుబ్బి, పాలలాగా పల్చగా కలుపుతారు. నున్నటి అడుగున్న కుండను బోర్లించి, పక్కనున్న నోట్లోంచి ఎండు కొబ్బరాకుల మంట పెడతారు. పల్చటి నూలుగుడ్డను పిండిలో ముంచి, కాలిన కుండ మీద ఒక్క ఊపున లాగుతారు. రెప్పపాటులో పూత ఆరి, అంచు లేస్తుంది. దాన్ని చిరగకుండా ఒడుపుగా తీయడమే విద్య. ఆ రేకులకు కాస్త తడి తగిలించి మెత్తబరచి, నెయ్యి రాసి, బెల్లం పొడో పంచదార పొడో చల్లి, మడత పెడతారు.

వియత్నాం దేశంలో కూడా బియ్యపు కాగితం చేస్తారు. అయితే వాళ్ళు మరిగే నీళ్ళ కుండ మీద గుడ్డ బిగించి, దాని మీద పిండి పరిచి, ఆవిరికి ఉడికించి, తరవాత ఎండబెడతారు. మనది నేరుగా నిప్పుసెగకే ఆరిపోతుంది. రెండు చోట్లా బియ్యం, కుండ, గుడ్డ, ఆడవాళ్ళ చెయ్యి. ఎక్కడెక్కడి ఆడవాళ్ళకు ఒకే ఆలోచన తట్టిందో చూడండి!

మన వైపు ఈ ఆలోచన ఎలా పుట్టిందంటే, ఎవరో ముసలమ్మ అన్నం వండుతుంటే గంజి పొంగి, కుండ మీద కాగితంలా ఎండి ఊడి వచ్చిందని కథ చెబుతారు. కథ సంగతి ఎలా వున్నా, గంజి పారబోయడానికి ముందు ఇంట్లో బియ్యం వుండాలి కదా! గోదావరి పక్కనే వున్నా ఈ సీమకు ఎప్పుడూ అన్నం పుష్కలమేమీ కాదు. గుంటూరు వైపు డొక్కల కరువని పేరుపడ్డ 1832-33 కరువు మన జిల్లానూ వదలలేదు. కళ్ళెదుట నది సముద్రంలోకి పోతుంటే జనం ఆకలితో చచ్చిపోయారు. 1847లో ఆర్థర్ కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి, 1852కి పూర్తి చేశాడు. బొబ్బర్లంక దగ్గర బయలుదేరిన కాలవ ఆత్రేయపురం పక్కనున్న లొల్ల లాకుల దగ్గర పాయలుగా చీలి, కోనసీమ మడులకు నీళ్ళు పంచింది. వరి, కొబ్బరి, పాడి, ఈ మూడూ ఇంటింటా నిలదొక్కుకున్నాయి. బియ్యం, కొబ్బరాకు మంట, నెయ్యి! పూతరేకుకు కావలసినవి అవే కదూ.

ఇంకో విశేషం. ఇప్పుడు రేకులకు జయ రకం బియ్యమే కావాలంటారు. తాతల నాటి రకమనే నేనూ అనుకునేదాన్ని. కాని జయ విడుదలైంది 1968లో. తైవాను పొట్టి వరికీ, ఒడిశా రకానికీ సంకరం చేసి పుట్టించిన వంగడం అది. అంటే మన అమ్మమ్మలు వేరే బియ్యంతో రేకులు తీశారన్నమాట. వంగడం మారినా చేతి ఒడుపు మారలేదు. కొత్త బియ్యానికి తగినట్టు పిండి చిక్కదనం, మంట జోరు సవరించుకున్నది ఏ చదువూ లేని ఆడవాళ్ళే. దాన్ని పరిశోధన అని ఎవరూ అనలేదు గాని, పరిశోధనే.

ఒక మాఘమాసంలో ఆ పొయ్యి ముందు నేనూ కూచున్నాను. మొదటి రేకు చిరిగింది, రెండోది కుండకే అంటుకుంది, మూడోసారి వేలు కాలింది. పక్కన రేకులు తీస్తున్నామె నవ్వి, "ఒక్కరోజులో వచ్చేది కాదండి అమ్మగారూ" అంది. ఈ నెలల్లోనే పని సుఖం ఎందుకని అడిగాను. "వానాకాలం రేకు మెత్తబడిపోతాదండి. ఎండాకాలం రేకుతో పాటు మనమూ వేగిపోతాం. ఇప్పుడైతే మంచు ఇడిచాక కూచుంటే మజ్జానం దాకా హాయండి, ఆయ్" అంది. చెరుకు గానుగలాడే కాలం కనుక కొత్తబెల్లమూ ఇప్పుడే వస్తుంది.

పూర్వం పండక్కీ పెళ్ళికీ ఇళ్ళల్లో చేసుకున్న ఈ వంట తరవాత జీవనాధారమైంది. వాడపల్లి వెంకన్నకు శనివారాలు మొక్కుకునే యాత్రికులూ, పై ఊళ్ళ నుంచి వచ్చే చుట్టాలూ పొట్లాలు కట్టించుకు పోతారు. అమెరికాలో వున్న పిల్లలకూ పెట్టెల్లో పంపుతారు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. తిరుపతి లడ్డూకు 2009లో, బందరు లడ్డూకు 2017లో వచ్చిన గుర్తింపే ఇది. దరఖాస్తు పెట్టిన తయారీదారుల సంఘం పేరులో సర్ ఆర్థర్ కాటన్ పేరుండటం చూసి నాకు ముచ్చటేసింది. కాలవను మరిచిపోలేదు వాళ్ళు.

ఫ్రాన్సులో షాంపేన్ అనే ద్రాక్షతోటల సీమ వుంది. అక్కడా ఈ చలి నెలల్లోనే ద్రాక్షతీగలు కత్తిరిస్తారు. ఆ సీమలో చేసిన ద్రాక్షసారాకు తప్ప మరో దానికి ఆ పేరు పెట్టకూడదని చట్టముంది. మన గుర్తింపూ అటువంటిదే. ఊరి పేరును కాపాడుతుంది. మరి చేతిని ఎవరు కాపాడతారు?

ఆ మాటే నన్ను కుదురుగా వుండనివ్వదు. నాకు పని చూపినామెకు కూలి రేకుల లెక్కన వస్తుంది. పొయ్యి సెగకు ముంజేయి నల్లబడింది. పొగకు కళ్ళు ఎర్రబడి వున్నాయి. "మీ అమ్మాయికి నేర్పావా?" అని అడిగాను. చెయ్యి ఆపకుండానే, "చదువుకుంటాందండి. దాన్ని ఈ పొయ్యి కాడికి రానివ్వను" అంది.

నాకు నోట మాట రాలేదు. ఈ విద్య నిలవాలని పొట్లాం కొనుక్కునే మనం కోరుకుంటాం. తన కూతురు దీన్నుంచి బయటపడాలని చేసే తల్లి కోరుకుంటుంది. తప్పు ఆమెది కాదు. మన ఆడపిల్లలను పొగలో కూచోమని మనం మాత్రం పంపుతామా?

కనుక నాకు తోచింది చెబుతాను. పాకకు పొగ పోయే దారి వుండాలి. నడుము వాలిపోకుండా ఎత్తు పొయ్యి వుండాలి. రేకు ధరలో రేకు తీసినామెకు తగిన భాగం వుండాలి. అప్పుడు చదువుకున్న పిల్ల కూడా గతిలేక కాకుండా, ఇష్టపడి ఆ పీట మీద కూచోవచ్చు. అలా కాకపోతే గుర్తింపు కాగితం మిగులుతుంది, రేకు మిగలదు.

ఈ మాఘంలో మీ ఇంటికి పూతరేకుల పొట్లం వస్తే, విప్పే ముందు ఒక రేకును వెలుతురుకు పట్టి చూడండి. గుడ్డ లాగిన జాడ సన్నగా కనబడుతుంది. పేరు తెలియని ఒక ఆడమనిషి చేవ్రాలు అది. దాన్ని చూశాకే నోట్లో వేసుకోండి.

ఇక సెలవు.