కాల్పుల విరమణ - వాడ అడిగే ప్రశ్న

నక్సలైట్లతో చర్చల గురించి రాసేటప్పుడు మన మేధావులు 2004 అక్టోబర్ నుంచి మొదలుపెడతరు. మనం 1978 నుంచి మొదలుపెట్టాలె. ఆ ఏడు సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్రకు వచ్చిన కూలి జనం తుపాకులు పట్టుకొని రాలేదు. వెట్టి పోవాలె, కూలి పెరగాలె, దొరలు పట్టిన బంజర్లు పంచాలె అన్నరు. ఇవి తహశీల్దారు కచేరీలో కూర్చొని తేల్చదగ్గ విషయాలే. కాని ప్రభుత్వం అదే ఏడు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. 1981 ఏప్రిల్ 20న ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో సభకొచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపిండ్రు. చనిపోయింది 13 మందని సర్కారు లెక్క. అంతకు ఎన్నో రెట్లని హక్కుల సంఘాల లెక్క. వాళ్లడిగిందీ భూమి పట్టాలే. మాట్లాడవలసిన చోట మాట్లాడలేదు గనుకనే ఆయుధానికి ఊళ్లో చోటు దొరికింది.

1997లో ఎస్.ఆర్. శంకరన్ కన్వీనర్‌గా పౌరస్పందన వేదిక ఏర్పడింది. వెట్టి నిర్మూలనకు పనిచేసిన అధికారి ఆయన. ఎన్‌కౌంటర్లు ఆపమని ప్రభుత్వాన్ని, ఇన్‌ఫార్మర్ల పేరుతో హత్యలు ఆపమని పార్టీని, ఇద్దరినీ నిలదీసింది వేదిక. 2002 ప్రయత్నం విఫలమైంది. 2004 జూన్‌లో కాల్పులు ఆగినయి. అక్టోబర్ 15 నుంచి 18 దాకా హైదరాబాద్‌లో హోంమంత్రి జానారెడ్డి బృందంతో మావోయిస్టుల పక్షాన రామకృష్ణ, సుధాకర్, గణేష్, జనశక్తి పక్షాన అమర్, రియాజ్ కూర్చున్నరు. ఎజెండాలో భూమి ఉంది. కాని దళాలు ఊళ్లలోకి ఆయుధాలతో రావచ్చా అనే తగాదా ముందుకొచ్చి భూమిని వెనక్కి నెట్టింది. 2005 జనవరిలో మళ్లీ ఎన్‌కౌంటర్లు, పార్టీలు చర్చల నుంచి తప్పుకున్నయి. జులైలో రియాజ్‌ను కరీంనగర్ జిల్లాలో ఎన్‌కౌంటర్ చేసిండ్రు. ఆగస్టు 15న మావోయిస్టులు ఎమ్మెల్యే నర్సిరెడ్డిని చంపిండ్రు. రెండు రోజులకే నిషేధం.

ఇందులో వాడ ఎక్కడుంది? మా వాడల ఒక్క గల్లీ నుంచే ఒకడు దళంలోకి పోయిండు, ఇంకొకడు హోంగార్డయిండు. ఇద్దరి ఇండ్లకూ గుంట భూమి లేదు. ఈ రెండు ఇండ్ల తరఫున మాట్లాడే మనిషికి బల్ల దగ్గర కుర్చీ వెయ్యలేదు. పీపుల్స్‌వార్ స్థాపకుల్లో ఒకరైన కె.జి. సత్యమూర్తి పార్టీలో కుల ప్రశ్న లేవనెత్తి 1980లలోనే బయటికి రావలసి వచ్చింది. ఆ ప్రశ్న 2004 ఎజెండాలో కనిపించలేదు.

2025లో మావోయిస్టులు కాల్పుల విరమణ కోరితే కేంద్రం ఒప్పుకోలేదు. 2004లో కూర్చున్న సుధాకర్, గణేష్ ఇద్దరూ ఆ జూన్‌లోనే ఎన్‌కౌంటర్లలో పోయిండ్రు. రామకృష్ణ 2021లోనే జబ్బుతో చనిపోయిండు. అక్టోబర్‌లో పెద్దపల్లికి చెందిన మల్లోజుల వేణుగోపాల్ లొంగిపోయిండు. ఇట్లా చర్చలు లేకుండానే తుపాకి ఆగిపోవచ్చు. దాన్ని శాంతి అంటే 1978లో అడిగినవాళ్లకు జవాబు చెప్పినట్టు కాదు.

2004 చర్చల తర్వాత వేసిన కోనేరు రంగారావు భూమి కమిటీ 2006లో నివేదిక ఇచ్చింది. దాన్ని అమలు చెయ్యమని అడగడానికి ఏ దళం అనుమతీ అక్కర్లేదు, ఏ ఒప్పందమూ అక్కర్లేదు. నివేదికను ఊరూరా గ్రామసభల్లో చదివించాలె. ఈసారి మాట్లాడవలసిన మూడో పక్షం మనమే.