సెంజి కోటలో మనవారి గుర్తులు

షోళింగనల్లూరు నుంచి తెల్లవారుజామున బస్సు మాట్లాడుకుని బయలుదేరితే, దిండివనం మీదుగా సుమారు మూడు గంటల్లో సెంజి చేరవచ్చు. తిరుపతికి, కంచికి బృందాలుగా వెళ్లే మన తెలుగు కుటుంబాలు ఒక ఆదివారాన్ని ఈ కొండకోటకు కేటాయించడం మంచిది. ఇక్కడ చూడవలసినది చాలా ఉంది, పిల్లలకు చెప్పవలసినది అంతకంటే ఎక్కువ ఉంది.

రాజగిరి, కృష్ణగిరి, చంద్రాయణదుర్గం అనే మూడు కొండలను కలుపుతూ కట్టిన కోట ఇది. రాజగిరి ఎత్తు సుమారు 800 అడుగులు. ఎండ ముదరకముందే ఎక్కాలి. కోటకు పునాది వేసినవాడు ఆనందకోన్ అని స్థానికుల కథనం. దానిని మహానగరంగా పెంచినవారు మాత్రం విజయనగర ప్రభువుల తరఫున 16వ శతాబ్దిలో వచ్చిన తెలుగు నాయకరాజులు. 1597లో కృష్ణప్ప నాయకుని కొలువుకు వచ్చిన జెస్యూట్ పాదిరి పిమెంటా, లిస్బన్ తప్పిస్తే పోర్చుగల్‌లో ఇంత పెద్ద నగరం లేదని రాశాడు.

కొండ కింద కల్యాణ మహలు, వేంకటరమణస్వామి ఆలయం, ధాన్యపు కొట్లు నేటికీ ఉన్నాయి. బ్యాంకు ఉద్యోగిని కనుక నా చూపు ముందుగా ఆ కొట్ల మీదికే పోయింది. నిల్వ లేని సంస్థ కష్టకాలంలో నిలవదు. ఔరంగజేబు సేనాని జుల్ఫికర్ ఖాన్ 1690లో ముట్టడించినప్పుడు, శివాజీ కుమారుడు రాజారాం ఈ కోటలో ఉన్నాడు. కోట 1698 దాకా లొంగలేదు. ఫిరంగులు ఎన్ని ఉన్నా, గింజలూ నీళ్లూ లేనిదే అన్నేళ్లు తట్టుకోవడం సాధ్యమా?

ఇప్పుడు పేర్ల లెక్క చూద్దాం. నాయకరాజులు ఏలినది నూరేళ్లకు పైగా. 17వ శతాబ్ది మధ్యలో కోట బిజాపూరు వశమైంది. 1677లో శివాజీ పట్టుకున్నాక మరాఠాల చేతిలో ఉన్నది 21 ఏళ్లు. 1714లో ఆర్కాటు నవాబుతో పోరాడి మరణించిన దేశింగు పాలన ఏడాదైనా నిండలేదు. అయినా జనం నోట నిలిచిన పేరు దేశింగుదే, ఎందుకంటే అతనిపై పాట పుట్టింది. 2025 జూలైలో యునెస్కో ఈ కోటను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అదీ మహారాష్ట్రలోని 11 కోటలతో కలిపి, మరాఠాల సైనిక కట్టడంగానే. ఆ గౌరవం న్యాయమైనదే. మరాఠాలు తమ కోటల కథను తరతరాలుగా చెప్పుకున్నారు, మనం చెప్పుకోలేదు.

తంజావూరు నాయకరాజులను మనం మరవకపోవడానికి కారణం రఘునాథుడు, విజయరాఘవుడు, రంగాజమ్మ రచించిన పుస్తకాలు. సెంజి నాయకుల నుంచి అంతటి సాహిత్యం మనకు అందలేదు, రాళ్లు మాత్రమే మిగిలాయి. ఆ రాళ్లూ అన్నీ అక్కడ లేవు. పుదుచ్చేరి సముద్రతీరాన గాంధీ విగ్రహం చుట్టూ నిలిచిన స్తంభాలు సెంజి నుంచి ఫ్రెంచివారు తరలించినవేనని చెబుతారు.

ఇటలీలో ఓర్వియెటో, సాన్ జిమిన్యానో వంటి కొండ ఊళ్లలో జనం ఇంకా కాపురముంటున్నారు. ఊరి కథను ఊరివారే చెబుతారు. సెంజి కొండమీద కాపురాలు లేవు. కనుక నాయకుల కథ చెప్పవలసిన బాధ్యత చూడవచ్చిన మనదే. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ చదవడం రాని మన పిల్లలకు, ఆ ధాన్యపు కొట్ల దగ్గర కృష్ణప్ప నాయకుని పేరు ఒకసారి చెప్పండి. ఇంటికి వచ్చాక ఆ పేరును తెలుగులో రాయించండి.