నీళ్ళ కోసం నడక

“పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలు” అన్నారు పెద్దలు. ఈ సామెత కట్టిన పెద్ద ఎవరో గాని తప్పకుండా మగవాడే అయి ఉంటాడు. నిలబడి తాగడానికి ఆ నీళ్ళు ఇంట్లోకి ఎలా వచ్చాయో ఆయనకు పట్టలేదు. ఎవరో ఒకామె బిందె చంకనెత్తుకుని వెళ్ళి తెచ్చి ఉండాలి కదా!

పరుగు మన ఆడవాళ్ళకు కొత్తేం కాదు. పాలు పొంగుతుంటే పరుగు, పిల్లల బస్సు హారను వినబడితే పరుగు, ఆఫీసుకు టైమయితే పరుగు. ఇంతా చేసి డాక్టరు దగ్గరికి వెళితే “ఒంటికి వ్యాయామం లేదమ్మా, రోజూ నడవండి” అంటాడు. నవ్వాలో ఏడవాలో తెలియదు. అయినా ఆయన మాటలో అబద్ధం లేదు. పనిలో పడి తిరగడం వేరు, నడవడం వేరు. ఆ తేడా ఎక్కడుందో ఉత్తర తెలంగాణ చరిత్ర చక్కగా చెబుతుంది.

ముందు కరీంనగర్ వైపు చూద్దాం. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల ప్రాంతాల్లో ఎన్నో ఇళ్ళు బీడీల మీదే బతికాయి. ఒళ్ళో చాట, చేతిలో కత్తెర. నానబెట్టిన ఆకును కొలత పెట్టి కత్తిరించాలి, తంబాకు నింపాలి, చుట్టాలి, దారం కట్టాలి. వెయ్యి బీడీలకు లెక్కకట్టి కూలీ ఇస్తారు. 1966లో బీడీ కార్మికుల కోసం చట్టం వచ్చింది గాని, చట్టం నడుము నొప్పిని తీసెయ్యలేదు కదా! పొద్దస్తమానం వంగి కూర్చోవడం, తంబాకు దుమ్ము పీల్చడం. “నడుములు పడిపోతున్నయమ్మా” అనే మాట అక్కడ ఏ గడపలో నిలబడినా వినబడుతుంది.

ఆ ఆకు ఎక్కడిది? చాలావరకు ఆదిలాబాద్ లాంటి అడవులదే. మండుటెండల కాలంలో, ఇంకా చీకటి ఉండగానే లేచి, ఆడా మగా పిల్లాజెల్లా అడవిలోకి నడుస్తారు. తెంపిన తునికాకును యాభై ఆకులకో కట్ట కట్టి కల్లానికి మోస్తారు. అంటే ఒకే బీడీ కోసం అడవిలో ఒకామె నడిచి నడిచి అరిగిపోతుంది, ఊళ్ళో ఇంకొకామె కూర్చుని కూర్చుని అరిగిపోతుంది. కనుక నడిచినంత మాత్రాన ఆరోగ్యం వచ్చెయ్యదు. తప్పనిసరి నడక ఒంటిని తినేస్తుంది.

మరి నిలబెట్టే నడక ఏది?

పుష్యమాసంలో కేస్లాపూర్ వెళ్ళి చూడండి. అది ఇంద్రవెల్లి మండలంలో ఉంది. గోండుల్లో మెస్రం వంశస్థుల దేవుడు నాగోబా. జాతరకు ముందు ఆ వంశం వాళ్ళు తెల్లబట్టలు కట్టుకుని, చెప్పుల్లేకుండా, జన్నారం దగ్గర కలమడుగులోని హస్తినమడుగు దాకా నడిచి వెళ్ళి గోదావరి జలం తెస్తారు. రానూపోనూ వంద కిలోమీటర్లకు పైమాటే. జీపులూ బస్సులూ వచ్చినా ఆ నడక మానలేదు. దారి పొడుగునా గూడేల్లో మజిలీలు ఉంటాయి, ఆకలికి అన్నం ఉంటుంది. తిరిగొచ్చాక మర్రిచెట్ల కింద విశ్రాంతి. పుష్య అమావాస్య రాత్రి ఆ నీళ్ళతోనే మహాపూజ. వంశంలోని 22 కితల వాళ్ళూ 22 పొయ్యిల మీద వండుకుంటారు. కొత్త కోడళ్ళు తెల్లచీరలతో వచ్చి దేవుడికి పరిచయం అవుతారు. దాన్ని భేటింగ్ అంటారు. అదయ్యాకే వాళ్ళకు వంశంలో పూర్తి స్థానం.

ఇక్కడ దూరం ముఖ్యం కాదు. తోడు ఉంది, చేరాల్సిన చోటు ఉంది, చేరాక నీడ ఉంది. ఆ మూడూ ఉన్న నడక ఒంటికీ మనసుకీ బలం.

ఈ నడక అంటే ఏమిటో తెలిసిన పరాయి దేశపు ఇల్లాలు ఒకామె ఉంది. బెట్టీ ఎలిజబెత్. ఆమె భర్త ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్. రెండో ప్రపంచయుద్ధం మూలంగా నిజాం రాజ్యం దాటి వెళ్ళకూడదని ఆయనకు ఆంక్ష. అలా 1940ల మొదట్లో ఇద్దరూ మార్లవాయి చేరి గుడిసెలో కాపురం పెట్టారు. 1940లోనే జోడేఘాట్‌లో కొమురం భీం ప్రాణాలు పోయిన గడ్డ అది. హైమన్‌డార్ఫ్ అక్కడ గిరిజనులకు భూమి పట్టాలు, బడులు కావాలని పాటుపడ్డాడు. కాళ్ళ కింద సొంత నేల లేనివాళ్ళకు ఆరోగ్యం గురించి ఉపన్యాసాలు ఎందుకు? అదే భూమి మాట అడగడానికి 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లి చేరినవాళ్ళ మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఎందరో తిరిగి ఇంటికి వెళ్ళలేదు. బెట్టీ 1987లో హైదరాబాద్‌లో కన్నుమూసింది. సమాధి మాత్రం మార్లవాయిలోనే ఉంది. 2012లో భర్త చితాభస్మం కూడా ఆమె పక్కకే చేరింది.

ఇక ప్రపంచం సంగతంటారా? 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళు 800 మీటర్లు పరుగెత్తితే, వాళ్ళ ఒంటికి అది తట్టుకోలేని పని అని ఆ పందెమే తీసేశారు. మళ్ళీ 1960 దాకా పెట్టలేదు. ఆడవాళ్ళ మారథాన్ 1984లో గాని మొదలవలేదు. నెత్తిన ఆకు మూటతో అడవి దాటే ఆదిలాబాద్ ఆడమనిషిని ఒక్కసారి చూసి ఉంటే, ఆ పెద్దమనుషులకు అన్నేళ్ళు ఆలోచించే పని తప్పేది!

కరీంనగర్ ఆడవాళ్ళకూ ఒక నాగోబా దారి ఉంది. అదే బతుకమ్మ. తంగేడు, గునుగు పూలు పేర్చి, తొమ్మిది రోజులు వంగుతూ లేస్తూ, చప్పట్లు చరుస్తూ తిరుగుతారు. దాన్ని వ్యాయామం అని ఎవరూ అనరు. అందుకే ఎవరూ మానరు. బీడీల చాట పక్కన పెట్టిన నడుము ఆ వారం పదిరోజులూ తిన్నగా నిలబడుతుంది.

కనుక డాక్టరు నడవమంటే మందు మింగినట్టు ఒంటరిగా మేడ మీద గిరగిర తిరక్కండి. పక్కింటావిణ్ణి పిలవండి. గుడికో, లైబ్రరీకో, చుట్టాలింటికో, చేరే చోటు ఒకటి పెట్టుకోండి. మీరు వెళ్ళొచ్చేలోగా అన్నం కుక్కర్ దించే బాధ్యత ఇంట్లో ఇంకొకరికి అప్పగించండి. తిరిగొచ్చాక ఎవరో ఒకరు గ్లాసు అందిస్తే, నిలబడి కూడా కాదు, కాళ్ళు చాపుకుని కూర్చుని మరీ ఆ నీళ్ళు తాగండి.