గడీ గోడల లోపల



నేను హైదరాబాదు నగరమున లక్డీకాపూలు ప్రాంతమున నివసించువాడను. లక్డీకాపూలనగా కట్టెల వంతెన యని యర్థము. నేడచట కట్టెల వంతెన లేదు. పేరు మాత్రము నిలిచినది. అచటికి అనతిదూరమున, పంజగుట్టకు పోవు త్రోవలో, ఒక మిట్టపై ఎర్రమంజిలు అను భవనము కలదు. నవాబు ఫక్రుల్ముల్కు దానిని కట్టించెను. దానిని కూల్చి ఆ చోట శాసనసభా భవనము కట్టవలెనని 2019లో ప్రభుత్వము నిశ్చయింపగా, హైకోర్టు ఆ నిశ్చయమును కొట్టివేసెను. భవనము నిలిచినది, కట్టించిన నవాబు పేరును నిలిచినది. ఆ మిట్టపైకి నీరు మోసినవారి పేరులు మాత్రము నేనెంత విచారించినను దొరకలేదు. మన పల్లెలలోని గడీల సంగతియు నిట్టిదే. కనుక నేటి ప్రసంగమునకు గడీని తీసికొంటిని.

గడీ యనగా తెలంగాణమున దేశముఖులును దొరలును నివసించిన కోటవంటి యిల్లు. నేడు నిలిచియున్నవానిలో పెక్కులు ఆసఫ్‌జాహీల కాలమునాటివి. పూర్వము దేశముఖులు రైతులవద్ద పన్ను వసూలుచేసి సర్కారునకు చెల్లించెడివారు. 1853 మొదలు 1883 వఱకు దివానుగా నుండిన మొదటి సాలార్‌జంగు ఆ పనిని సర్కారు ఉద్యోగుల కప్పగించి, దేశముఖులకు రుసుము అను నగదు నేర్పఱచెను. వసూలు పోయెను గాని పలుకుబడి పోలేదు. పెక్కు భూములు వారి పేరనే పట్టా యయ్యెను.

ఇక గడీలోనికి పోదము. మొదట ఎత్తైన ప్రహరిగోడ, మూలలందు బురుజులు. ముందు పెద్ద దర్వాజ; దాని తలుపులో వంగి దూరవలసిన దిడ్డి. లోపల ఇరువైపుల అరుగులు. అవి దాటిన కచేరి. దొర యచట కూర్చుండి తగవులు తీర్చును, జరిమానాలు వేయును. పట్వారీ లెక్క చదువును. కచేరి వెనుక నాలుగు దిక్కుల వసారాలు గల లోగిలి. అందు దొరసాని గదులు, దేవునిగది, వంటశాల, మంచినీళ్ల బావి. ఒక ప్రక్క గాదెలు, నేలలో త్రవ్విన ధాన్యపు పాతరలు. వేఱొక ప్రక్క పశువుల కొట్టములు, గుఱ్ఱపుసాల.

ఈ భాగములలో ఒక్కటియు తనంత నడువలేదు. తెల్లవాఱకమున్నే వాకిలి ఊడ్చి సానుపు చల్లవలెను. చాకలి బట్టలుతికి, అంట్లు తోమవలెను. కుమ్మరి కుండలియ్యవలెను. గొల్లవాడు పండుగకు గొఱ్ఱెను తోలుకొని రావలెను. మాదిగ చెప్పులు కుట్టి, మోటబావికి తోలుబొక్కెన చేసి యియ్యవలెను. దొర బయలుదేరిన బోయీలు మేనా మోయవలెను. రైతు తన నాగలిని ముందు దొర చేనికి తోలి, పిదపనే తన చేనికి తోలుకొనవలెను. దీనికే వెట్టి యని పేరు. అప్పు తీర్చలేనివాడు జీతగాడై, ఆ యప్పు వడ్డితో పెరుగుచుండగా ఏండ్లకొలది కొట్టములోనే పడియుండెడివాడు. అతని కొడుకును పెక్కుమారులు ఆ కొట్టముననే పెరిగెడివాడు.

మధ్యయుగములందు ఇంగ్లండులోను ఇట్టి యేర్పాటే యుండెను. దానిని మేనరు అందురు. అచటను ప్రభువునకు పెద్ద యిల్లు, ధాన్యపుకొట్లు, మర, తగవులు తీర్చు సభ యుండెడివి. రైతు వారమునకు రెండు మూడు దినములు ప్రభువు పొలమున ఊరక పనిచేయవలెను. అదియు బాధయే. అయినను అచట దినముల లెక్క యొకటి యుండెను. ఆ సభవారు వ్రాసిన చుట్టలలో పెక్కింట రైతుల పేరులు నేటికిని చదువవచ్చును. మన వెట్టికి దినముల లెక్క లేదు. చేసినవారి పేరులు వ్రాసిన చిట్టా యొక్కటియు నా కంటబడలేదు.

నా బాల్యమున మా నాయనమ్మ మా ఊరి గడీ ముందు నడచునపుడు చెప్పులు విప్పి చేతబట్టుకొనెడిది. అప్పటికే గడీ ఖాళీయై, దర్వాజకు తాళము పడి చాలయేండ్లయ్యెను. “దొర లేడు గద నాయనమ్మా” యని నేనంటిని. “కాళ్లకు అలవాటైంది బిడ్డా” యని చెప్పి, గోడ దాటిన పిదపనే తొడుగుకొనెను.

ఆ యలవాటు ఊరక మాఱలేదు. 1921లో పుట్టిన ఆంధ్ర జనసంఘము వెట్టికి ప్రతికూలముగా ప్రచారము చేసెను. 1936లో నిజాము సర్కారు జీతగాండ్ర యొప్పందములను, అనగా భాగేలాను, అదుపుచేయుటకు శాసనము చేసెను గాని పల్లెలలో దాని ఫలము స్వల్పము. 1946 జూలై 4వ తేదీన కడవెండిలో విసునూరు దేశముఖుని మనుష్యులు కాల్పులు జరుపగా దొడ్డి కొమరయ్య మరణించెను. అటుపిమ్మట పోరాటము పల్లెపల్లెకు వ్యాపించెను. 1948 సెప్టెంబరున హైదరాబాదు సంస్థానము భారతదేశమున చేరెను. 1949లో జాగీర్లు రద్దయ్యెను. 1950లో కౌలుదారీ చట్టము వచ్చెను.

గతవత్సరము మా ఊరివారు గడీని గూర్చి నా సలహా యడిగిరి. అది మనకు అవమానచిహ్నము, కూల్చుదమని కొందఱు. సున్నము వేసి యాత్రికులకు చూపుదమని కొందఱు. నేను వారితో నిట్లంటిని: “ఏది చేసినను ముందు పేరులు వ్రాయుడు.” వేపచెట్టు క్రింద మూడు సాయంకాలములు కూర్చుంటిమి. ముసలివారు చెప్పిరి, నేను వ్రాసితిని. రెండు పుటలు నిండెను. కొందఱిని గూర్చి “ఆ చాకలామె”, “ఆ కుంటి జీతగాడు” అనుటకంటె అధికము చెప్పలేకపోయిరి. పది యేండ్లు ముందుగా అడిగియుండిన వారి పేరులును దొరకెడివేమో. ఆ యాలస్యము నాది.

పెద్దలారా, గోడ కూలిన మరల కట్టవచ్చును. జ్ఞాపకమున్న ముసలివారు పోయిన ఆ పేరులను చెప్పువారుండరు. మీ యూర గడీ యున్నను, కూలి దిబ్బయైనను, ఎవరెవరు ఏయే పని చేసిరో ఒక కాగితముపై వ్రాయించి గ్రామపంచాయతిలో నుంచుడు. ఇదియే నా విన్నపము.