స్టోరేజ్ ఏరియా నెట్‌వర్క్ రౌటర్

డిస్కులు, టేపు లైబ్రరీల కోసం విడిగా నడిచే నెట్‌వర్క్‌ను (శాన్‌ను) మరో అలాంటి నెట్‌వర్క్‌తోనో, మామూలు ఐపీ నెట్‌వర్క్‌తోనో, పాత స్కజీ పరికరాలతోనో కలిపే యంత్రం ఇది. ఒక ప్రోటోకాల్‌ను మరోదానిలోకి మార్చే పెట్టె అని దీన్ని వర్ణించడం మామూలు. అందులో తప్పేమీ లేదు గానీ, ఆ మాటతో దీని చరిత్ర అర్థం కాదు. మార్పిడి అవసరాలు ఒక్కొక్కటే తీరిపోయాక కూడా రౌటర్ పని మిగిలే ఉంది. రెండు నెట్‌వర్క్‌లు ఒకటైపోకుండానే వాటి మధ్య డేటా నడపడం, ఒకవైపు పుట్టిన చెడు రెండోవైపు పాకకుండా చూడడమే దాని అసలు పని. దానికి ఆనవాళ్లు తొలినాటి పేటెంటులోనే కనిపిస్తాయి.

ఇలాంటి నెట్‌వర్క్‌లు వాడే ఫైబర్ ఛానెల్ ప్రోటోకాల్ 1994లో అమెరికా ప్రమాణాల సంస్థ ఆమోదం పొందింది. అప్పటికే కొని పెట్టుకున్న స్కజీ డిస్కులను, టేపు యంత్రాలను ఎవరూ పారేయలేరు కనుక రెంటినీ కలిపే వంతెనలకు గిరాకీ వచ్చింది. 1996లో ఆస్టిన్‌లో మొదలైన క్రాస్‌రోడ్స్ సిస్టమ్స్ 1997 చివర్లో దరఖాస్తు చేసి 1999లో పొందిన పేటెంటులో ‘స్టోరేజ్ రౌటర్’ అన్న పేరే ఉంది. అందులోని రౌటర్ మార్పిడి ఒక్కటే చేసి ఊరుకోదు. ఏ సర్వర్‌కు ఏ డిస్కు, డిస్కులో ఏ భాగం కనబడాలో ఒక పట్టికలో రాసుకుని, మిగతాది దాని కంట పడనివ్వదు. తనకు కేటాయించిన భాగాన్ని సర్వర్ తన సొంత డిస్కనే అనుకుంటుంది. 2000లో న్యూస్పీడ్‌ను కొన్న సిస్కో, మరుసటి ఏడాది ఎస్ఎన్ 5420 తెచ్చింది. ఒక గిగాబిట్ ఈథర్నెట్ పోర్టు, ఒక ఫైబర్ ఛానెల్ పోర్టు ఉన్న ఆ చిన్న పెట్టె ఐస్కజీ, అంటే ఐపీ మీద నడిచే స్కజీ, మాట్లాడేది. ఐస్కజీ ప్రమాణం 2004లో గానీ ఖరారు కాలేదు. వస్తువు ముందు, ప్రమాణం తర్వాత. ఈ రంగంలో అది కొత్తేమీ కాదు.

అసలు మలుపు ఫైబర్ ఛానెల్‌ను ఫైబర్ ఛానెల్‌తోనే కలపాల్సి వచ్చినప్పుడు వచ్చింది. అక్కడ భాష ఒకటే, మార్చేదేమీ లేదు. అయినా రౌటర్ కావలసి వచ్చింది. రెండు ఫ్యాబ్రిక్‌లను, అంటే స్విచ్‌లతో అల్లిన నెట్‌వర్క్‌లను, తీగతో కలిపితే అవి ఒకే ఫ్యాబ్రిక్ అయిపోతాయి. ప్రధాన స్విచ్ ఏదో మళ్లీ ఎన్నుకోవాలి. రెండుచోట్లా ఒకే డొమైన్ నంబరు ఉన్నా, ఏది దేన్ని చూడవచ్చో చెప్పే జోనింగ్ పట్టికలు పొసగకపోయినా అవి విడిపోతాయి. ఇక డొమైన్ నంబర్లు మొత్తం 239కి మించి లేవు. అన్నిటికన్నా చిక్కు, ఒకచోట తీగ ఊగిసలాడితే ఆ వార్త రెండోచోటికీ చేరి అక్కడి సర్వర్లనూ కలవరపెట్టడం. కృష్ణా డెల్టా కాలవల మీద లాకులు చేసినది కూడా ఇలాంటి పనే: పడవ ఒక మట్టం నుంచి మరో మట్టానికి దాటుతుంది, రెండు మట్టాలూ మాత్రం కలిసిపోవు. బ్రోకేడ్ 2004లో తెచ్చిన 16 పోర్టుల మల్టీప్రోటోకాల్ రౌటర్ అవతలి పరికరానికి ఇవతల ఒక మారు రూపం నిలబెట్టి, చిరునామాలను మార్చి, రెండు ఫ్యాబ్రిక్‌లనూ విడిగానే ఉంచింది. సిస్కో ఒకే స్విచ్‌ను వర్చువల్ శాన్‌లుగా విడగొట్టి, వాటి మధ్య రౌటింగ్ అనే దారి ఇచ్చింది. మచిలీపట్నంలో 1923లో పుట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. అలాంటి విలీనాల్లో బోర్డు మారడానికి ఒక రోజు చాలు; విడివిడిగా పెరిగిన రెండు కంప్యూటర్ వ్యవస్థలు ఏకం కావడానికి నెలలు పడుతుంది. ఆ నెలల్లో కావలసింది ఈ విడిగా ఉంచే కలయికే.

ఈ వాదానికి అడ్డం తగిలే సాక్ష్యం ఒకటుంది. నిషాన్ సిస్టమ్స్ ముందుకు తెచ్చిన ఐఎఫ్‌సీపీ (ఐపీ మీద ఫైబర్ ఛానెల్ నడిపే ప్రోటోకాల్) మొదటినుంచీ ఫ్యాబ్రిక్‌లను వేరుగా ఉంచింది. అయినా మార్కెట్ దాన్ని కాదని, రెండువైపులనూ సొరంగంతో ఒకటిచేసే ఎఫ్‌సీఐపీనే ఎంచుకుంది. నిషాన్ 2003లో మెక్‌డేటా చేతికి, మెక్‌డేటా 2007లో బ్రోకేడ్ చేతికి పోయాయి. విడదీయడమే ముఖ్యమైతే విడదీసేదే ఎందుకు ఓడింది? ఓడినది ఒక ప్రోటోకాల్, ఆ పని కాదు. సొరంగం వేసినవాళ్లు, దూరపు లింకు పడిలేచిన ప్రతిసారీ రెండువైపులా ఫ్యాబ్రిక్ కదలడం చూసి, ఆ సొరంగం మొనకే మళ్లీ రౌటింగ్ పోర్టు తగిలించుకున్నారు.

హార్డ్‌వేర్‌ను మలిచినది దూరం. కాంతి గాజు తీగలో కిలోమీటరుకు సుమారు 5 మైక్రోసెకన్లు తీసుకుంటుంది. విజయవాడ, హైదరాబాద్‌ల మధ్య 275 కిలోమీటర్లని లెక్కేస్తే, పోవడానికి దాదాపు 1.4 మిల్లీసెకన్లు. స్కజీలో ఒక రాత పూర్తవడానికి ఆదేశం, సిద్ధమన్న జవాబు, డేటా, ముగిసిందన్న కబురు అంటూ రెండు రాకపోకలు కావాలి, అంటే 5.5 మిల్లీసెకన్లు. ‘సిద్ధం’ అన్న జవాబును దగ్గరి రౌటరే ఇచ్చేస్తే ఆలస్యం సగమవుతుంది. ఫాస్ట్ రైట్ సౌకర్యం అంటే ఇదే. 8 గిగాబిట్ల వేగంలో 2 కిలోబైట్ల పూర్తి ఫ్రేమ్ తీగలో అరకిలోమీటరు పొడవు ఆక్రమిస్తుంది కనుక, రానూపోనూ ఆ 275 కిలోమీటర్లూ తీగ ఖాళీ పడకుండా నింపాలంటే సుమారు 1,100 బఫర్ క్రెడిట్లు (జవాబు రాకముందే పంపగల ఫ్రేముల లెక్క) ఉండాలి. మామూలు పోర్టుకు దక్కేవి పదుల్లోనే. అందుకే ఈ పెట్టెల్లో పెద్ద మెమొరీ, టీసీపీ పనికి ప్రత్యేక చిప్పులు, కుదింపు, ఐపీసెక్ గుప్తీకరణ, ఆపకుండానే మార్చగల జంట పవర్ సప్లైలు చేరాయి. బ్రోకేడ్ 7500లో 16 ఫైబర్ ఛానెల్ పోర్టులకు గిగాబిట్ ఈథర్నెట్ పోర్టులు రెండే ఉన్నాయి. ఊళ్లో ట్రాఫిక్ ఎంత, ఊరు దాటేది ఎంత అన్న అంచనా ఆ నిష్పత్తిలోనే ఉంది.

అంత దూరం ఎందుకన్న ప్రశ్నకు డెల్టాలో జవాబు వెతకనక్కర్లేదు. 1977 నవంబరు దివిసీమ ఉప్పెన సంగతి అలా ఉంచినా, 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు వాగుకు గండ్లు పడి విజయవాడలోని సింగ్‌నగర్ మునిగినప్పుడు, ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. లారీ బాడీలకు పేరుపడ్డ విజయవాడ ఆటోనగర్ ఒక గట్టున ఉంటే, మంగళగిరి ఆటోనగర్ ఐటీ పార్కు, అందులోని ‘పై’ డేటా సెంటర్ రెండో గట్టున ఉన్నాయి. ఏటికి అటూ ఇటూ రెండు నకళ్లు పెట్టుకుంటే అగ్నిప్రమాదం నుంచి రక్షణ ఉంటుంది; తుపాను నుంచి ఉండదు. రాష్ట్ర ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా వేసి 2017 డిసెంబరులో ప్రారంభించిన వేల కిలోమీటర్ల తీగలాంటివి దూరానికి దారి ఇస్తాయి. అయితే గాలివానకు స్తంభం పడితే లింకూ పడుతుంది. ఆ కుదుపు డిస్కుల దాకా రాకూడదు.

డిస్కుల దాకా వస్తే ఏమవుతుందో 2021 ఫిబ్రవరి 24న దేశమంతా చూసింది. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ ఇచ్చిన వివరణ ప్రకారం, ముంబయిలోని రెండు కేంద్రాల మధ్య టెలికాం లింకులు అస్థిరపడ్డాయి. దాంతో ప్రధాన శాన్ తన సర్వర్లకే అందకుండా పోయింది. ఉదయం 11.40కి ఆగిన ట్రేడింగ్ మధ్యాహ్నం 3.45కి గానీ మళ్లీ మొదలుకాలేదు. రౌటర్ పెడితే అది తప్పేదని చెప్పలేం. లింకు పోయినప్పుడు నకలును వదిలి నడవాలా, ఆగాలా అని నిర్ణయించే తర్కం స్టోరేజ్ సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. కానీ కలపడానికి వేసిన తీగే పనిని ఆపగలదని అది రుజువు చేసింది.

ఇక ఈ పెట్టెకు కాలం చెల్లిందనే అభ్యంతరం. ఇప్పటి డేటాబేస్‌లు తమ నకళ్లను తామే పంపుకుంటాయి, చిన్న సంస్థలు క్లౌడ్‌లో అద్దెకుంటాయి. ఆటోనగర్‌లోని స్పేర్ పార్టుల కొట్టుకు శాన్ అక్కర్లేదు సరికదా, దాని రౌటర్ అసలే అక్కర్లేదు. ఇది ఒప్పుకోవలసిందే. విడి పెట్టెగా దాని మార్కెట్ కుంచించుకుపోయింది. రౌటింగ్ చాలావరకు పెద్ద స్విచ్‌లలోకి, వాటిలో బిగించే బ్లేడులలోకి చేరింది. బ్రోకేడ్ 2017లో బ్రాడ్‌కామ్ సొంతమైంది. బ్యాంకులు, మెయిన్‌ఫ్రేమ్‌లు నడిపేవాళ్లు ఇంకా కొనే ఆ శ్రేణి దూరపు పెట్టెల్లో మాత్రం ఐపీ పోర్టులు బాగా పెరిగాయి. 7840 నమూనాలో ఫైబర్ ఛానెల్ పోర్టులు 24 కాగా, ఈథర్నెట్ వైపు 10 గిగాబిట్లవి 16, 40 గిగాబిట్లవి 2 ఉన్నాయి.